సన్నసెగ మీద గొర్రె మాంసం: నాంపల్లిలో ఒక శనివారం

నా భార్య సుగుణ చివరి రోజు ఆదివారం. పొద్దున్నే మాంసానికి ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, మందపాటి గిన్నెలో వేసి సన్నసెగ మీద పెట్టింది. ప్రతి ఆదివారం అలా పెట్టి ఇద్దరం చర్చికి వెళ్లేవాళ్లం. వచ్చేసరికి కూర సిద్ధంగా ఉండేది. ఆ రోజు మాత్రం "మీరు పోయి రండి, నేను కూర చూసుకుంటా" అంది. తిరిగి వచ్చేసరికి కూర ఉడికింది. ఆమె మంచం మీద ఉంది. లేపితే లేవలేదు.

ఏడాది అయింది. రేపు ఆరాధన అయ్యాక చర్చివాళ్లు మా ఇంటికి ప్రార్థనకు వస్తారు. భోజనం బయట చెబుదామన్నారు. నేనే వండుతానన్నాను. ఆమె మాంసం కొనే దుకాణం నాంపల్లిలో ఉందని తెలుసు గానీ ఎన్నడూ వెళ్లలేదు. ఆబిడ్స్‌లో ఉద్యోగం చేసిన రోజుల నుంచీ ఆమెకు అదే అలవాటు. మెదక్ వైపు మేసిన నల్ల దక్కనీ గొర్రెపిల్లలు అక్కడికి వస్తాయి. ఆమె పుట్టిన ఊరూ అటే.

మెట్టుగూడలో ఏడింటికి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎనిమిది లోపే నాంపల్లిలో దిగాను. స్టేషన్ దాటి రెండో సందులో అడిగితే ఎవరైనా చూపిస్తారు. దుకాణం యాదగిరిది. అరవై దాటిన మనిషి.

"మెడ, ముందుకాలు. ముక్క పెద్దగా కొట్టాలి. బొక్క పగలొద్దు," అన్నాను. సుగుణ చెప్పే మాటలే.

కత్తి ఆగింది. "గిట్ల అడిగేది సుగుణ మేడమొక్కతే. ఇంటాయననా మీరు? ఏడాదాయె, మేడం రాకనే పాయె. మంచి దుకాణం దొరికిందా ఏంది?"

ఆమె పోయిందని చెప్పాను.

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "ఎప్పుడు సార్?"

"ఇక్కడ కొనుక్కుపోయిన మర్నాడే."

"గా శనివారం ఈ అరుగు మీదనే కూసున్నది సార్. ఛాతీల మంట అన్నది. చెమటలు పట్టినయ్. నీళ్లిచ్చిన. జర దవాఖానకు పోదాం, ఆటో పిలుస్త అన్న. ఇప్పుడు చెప్తే మా సారు ఊకె ఫికర్ వెట్టుకుంటడు, రేపు కూర తిన్నంక చెప్త అన్నది. చెప్పలేదా?"

"లేదు."

ఆయన మాంసం కొట్టడం మొదలుపెట్టాడు. రెండు కిలోలు. ఒక్క బొక్కా పగలలేదు.

బయటికి వచ్చి ఎటు నడుస్తున్నానో చూసుకోలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్ల బండి తగిలితే ఆగాను. ఆటో ఎక్కి సికింద్రాబాద్ వైపు అన్నాను. ఆబిడ్స్ దాటాక డ్రైవర్ అద్దంలో చూశాడు.

"సార్, సంచి కారుతుంది. సీటు కరాబైతది. ఒళ్లో పెట్టుకున్నరు, ప్యాంటు చూస్కోలేదా?"

చూసుకున్నాను. మోకాలి వరకు ఎర్రగా ఉంది. ఆయన పాత పేపరు ఇచ్చాడు. "బిర్యానీకా?" అన్నాడు. కూరకు అన్నాను.

ఇంటికి వచ్చి మాంసం కడిగి, ఆమె పట్టించినట్టే అన్నీ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. మూత పెడుతుండగా ఒక సంగతి తట్టింది. పొయ్యి మీద పెట్టాక ఆ గిన్నెను మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూసుకోలేదు. అది దానంతట అదే ఉడికేది. కూర చూసుకుంటానని ఆమె అనడం అదొక్కసారే. నేను సరేనని చెప్పులేసుకున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక మాట. తొమ్మిది లోపు చేరుకోండి, గొర్రెకు మెడ ఒక్కటే, త్వరగా అయిపోతుంది. అడుగున ఉల్లిపాయలు మందంగా పరవండి, నీళ్లు పోయకండి, మూత చుట్టూ పిండి అద్ది మూడు గంటలు వదిలేయండి.

రేపు పొద్దున గిన్నె సన్నసెగ మీద పెడతాను. చర్చికి వెళ్లను. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర చూసుకుంటాను.