ఓడకు కొట్టని కొబ్బరికాయ

అది 2016. నరసన్నపేటలో, హైవే మీంచి బజారులోకి తిరిగే మలుపులో నాకో ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక గది, ఒక కంప్యూటరు, గోడకో ప్రపంచపటం. తిరుపతి, కాశీ, షిరిడీ టికెట్లే నాకు తిండి పెట్టేవి. ఎవరైనా సింగపూర్ వెళ్తామంటే ఆ వారమంతా నా నడకే మారిపోయేది. అలాంటి నా దగ్గరికి ఊళ్లోని రెండు రైసుమిల్లుల యజమానులు భార్యలతో సహా వచ్చి, "మెడిటరేనియన్ క్రూజ్ కావాలమ్మా" అన్నారు. వాళ్ల వియ్యంకులెవరో వెళ్లొచ్చారట. ఓడ ప్రయాణం నేనెప్పుడూ వేసి ఎరగను. నోరు మాత్రం అలవాటుగా "చూసుకుంటానండి" అనేసింది.

ఆ మాట గురించి ముందే చెప్పాలి. కిటికీ సీటు కావాలంటే చూసుకుంటానండి. ఉల్లిపాయ లేని భోజనం కావాలంటే చూసుకుంటానండి. మా వృత్తిలో అది ఊతపదం. సగం మేం చూస్తాం, మిగతా సగం అక్కడికెళ్లాక దేవుడు చూస్తాడు. అడిగినవాళ్లకూ ఆ సంగతి తెలుసని, ఎవరూ దాన్ని మాటిచ్చినట్టు పట్టుకోరని నా నమ్మకం.

ఓడ ప్రయాణం వేయడం విమానం టికెట్ తీసినంత తేలిక కాదు. రైలు తప్పిపోతే ఇంకో రైలుంటుంది, ఓడ తప్పిపోతే ప్రయాణమే పోయినట్టు. అందుకని ఎక్కే ఊరికి రెండ్రోజులు ముందే చేరి హోటల్లో ఉంటారు. దాన్ని ప్రీ-స్టే అంటారు. దిగిన ఊళ్లో మళ్లీ కొన్నాళ్లుండి చూసుకుని రావడం పోస్ట్-స్టే. మా ఓడ బార్సిలోనాలో ఎక్కి రోములో దిగడం. తీరా చూస్తే రోముకు రేవు రోములో లేదు, బస్సులో గంటకు పైనే. ఇవన్నీ నేను కస్టమర్ల కంటే ఒక్కరోజు ముందు నేర్చుకుని, పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు చెబుతూ వచ్చాను. నాకూ మొదటిసారి కదా, పని నేర్చుకోవచ్చని నా లాభం వదులుకుని నేనూ వాళ్లతో బయల్దేరడానికి సిద్ధమయ్యాను.

ఆ సమయంలో వచ్చింది పోలమ్మ. నౌపడ అవతల సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. ఒడ్డుకొచ్చిన పడవల దగ్గర చేపలు వేలం పాట పాడి కొనడంతో మొదలుపెట్టి, ఐసు పెట్టెలు, రెండు వ్యాన్లు సంపాదించుకున్న మనిషి. వెనకాలే భర్త రాజయ్య. చేపల వేట మానేసి కొన్నేళ్లయింది. మాట తక్కువ. వాళ్ల పెద్ద వ్యాను డ్రైవరు మిల్లువాళ్ల ప్రయాణం గురించి చెప్పాడట.

"ఓడెక్కించే పాపవి నువ్వేనా?" అంది కుర్చీలో కూర్చుంటూ. "మా ఇద్దరికీ కూడా సీట్లు రాసీ."

"అంత దూరం ఎందుకు పిన్నీ? మీకు సముద్రం కొత్తా?" అన్నాను నవ్వుతూ.

"సముద్రం కొత్త కాదు. ఓడ కొత్త" అంది. "మా ఊళ్లో ఆడది పడవెక్కకూడదు. వలని దాటకూడదు. పుట్టి బుద్ధెరిగినకాడ్నించి పడవ ముందలే నిలబడ్డాను గానీ, ఒక్కసారీ కాలెట్టి ఎరగను. ఈ మనిషి పెళ్లైన కొత్తలో సెప్పినాడు, ఎప్పటికైనా నిన్ను ఎక్కిస్తానే అని. మన ఊరి పడవకి ఆచారం ఉన్నాది. ఊరు కాని ఊర్లో, మనది కాని ఓడకి ఏటి ఆచారం?"

రాజయ్య గోడమీది ప్రపంచపటాన్ని చూస్తూ సిగ్గుపడ్డాడు.

వీసా కాగితాలన్నీ అయిపోయాక, ఆఖరిసారి వచ్చినప్పుడు ఆమె ఒక మాట అడిగింది. "పాపా, కొత్త పడవ నీళ్లలోకి దింపినప్పుడు మేము పసుపు రాసి, బొట్టెట్టి, కాయ కొడతాము. గంగమ్మతల్లికి సెప్పకుండా నాను ఓడెక్కను. అక్కడ కాయ ఎక్కడ కొట్టనిస్తారు? ఇక్కడ్నించి కాయ అట్టుకెళ్లాలా, అక్కడ దొరుకుతాదా?"

ఫోన్‌లో ఎవరో లైన్లో ఉన్నారు. ఒక చెవి అటు, ఒక చెవి ఇటు.

"అక్కడ నేను చూసుకుంటాను పిన్నీ."

"సూసుకుంటావు గదా?"

"చూసుకుంటానన్నాను కదా."

ఆమె లేచి, నా తల నిమిరి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ సంగతి నేను ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

బార్సిలోనాలో ఆ రెండ్రోజులూ నా ప్రాణం నా దగ్గర లేదు. మిల్లువాళ్లలో పెద్దావిడ సత్యవతిగారు. మంచి చీరలు, మంచి మాట, ఎదుటివాళ్ల లోపం మీద మంచి చూపు. విమానంలోనే, "చేపలవాళ్లతో కలిపి వేశావేంటమ్మా?" అని మెల్లగా చెవిన వేసింది. ఆ క్షణం నుంచి నా కళ్లు పోలమ్మ మీదే. హోటల్లో గట్టిగా మాట్లాడినా నాకే చెమటలు. చేపల బజారులో ఒక చేప మొప్ప ఎత్తి చూసి, "ఇది నిన్నటి సరుకు" అని కొట్టువాడికి తెలుగులోనే చెప్పేసి పెదవి విరిచినా నాకే తలవంపు. పోలమ్మ వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎదురుగా ఉన్నవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. సత్యవతిగారు ఏమనుకుంటుందో అన్నదే నా భయమంతా. మళ్లీ ఆ కుటుంబాల ప్రయాణాలన్నీ నాకే రావాలన్న ఆశ ఆ భయం వెనక ఉంది.

ఎక్కే రోజు వచ్చింది. ఎంబార్కేషన్ అంటారు. సామాను ముందే తీసుకుని లోపలికి పంపేస్తారు, పాస్‌పోర్టులు చూసి కార్డులిస్తారు, ఆపైన గ్యాంగ్‌వే. అంటే మన పడవలకి వేసే చెక్కలాంటిది కాదు, అద్దాల గోడలున్న పొడుగాటి వంతెన. దాని చివర ఓడ తలుపు. వంతెనకూ ఓడకూ మధ్య జానెడు సందు. ఆ సందులోంచి చూస్తే కింద నీళ్లు, ఎదురుగా ఓడ తెల్లటి గోడ. పోలమ్మ అక్కడే ఆగిపోయింది. వెనక జనం.

"పాపా, కాయ తెచ్చినావా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆఫీసులో ఫోన్ చెవిన పెట్టుకుని నేనన్న మాట గుర్తొచ్చింది.

సత్యవతిగారు వెనక్కి తిరిగింది. "ఏ కాయండీ?"

"ఓడకి కొట్టడానికి" అంది పోలమ్మ మామూలుగా. "పాప తెస్తానన్నాది."

సత్యవతిగారు నవ్వింది. "బాగుంది! ఏమ్మా, కొబ్బరికాయలు కూడా నీ ప్యాకేజీలో ఉన్నాయా?" మిగతావాళ్లూ నవ్వారు.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నేనెప్పుడన్నాను పిన్నీ? నువ్వేదో పొరబడ్డావు."

పోలమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. పాటలో ఒప్పుకున్న ధర కాదని తర్వాత బుకాయించే మనిషిని ఒడ్డున ఎలా చూస్తారో అలా చూసింది. చేతిసంచి కింద పెట్టింది.

"అయితే నాను ఎక్కను. తల్లికి సెప్పకుండా ఎక్కను."

"పోనీలేవే, మనసులో దండం ఎట్టుకో" అన్నాడు రాజయ్య.

"ఆడదాన్ని ఎక్కుతన్నాను, ఏటీ అనుకోకమ్మా అని సెప్పాలి గదా? ఉత్త సేతుల్తో ఏటని సెప్పను?"

వెనక జనం పక్కనుంచి దాటుకుని వెళ్తున్నారు. తలుపు దగ్గర తెల్ల యూనిఫాంలో ఉన్న అమ్మాయి వచ్చి ఏమైందని నన్ను ఇంగ్లీషులో అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలు. సిగ్గే అడ్డమొచ్చింది. కొబ్బరికాయ, పసుపు, గంగమ్మ అని ఆ తెల్ల అమ్మాయికి, అందులోనూ సత్యవతిగారి ముందు చెప్పడం నావల్ల కాలేదు.

"ఆవిడకి నీళ్లంటే భయం" అన్నాను.

ఆ అమ్మాయి జాలిగా తలూపి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఒక కుర్రాడు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. దాన్ని తెచ్చి పోలమ్మ ముందు పెట్టి, కూర్చోమని ఎంతో మర్యాదగా చెయ్యి చూపించాడు.

"ఇదెందుకు?" అంది పోలమ్మ. "ఏటి సెప్పినావు దానికి?"

సత్యవతిగారే చెప్పింది. ఈసారి ఆవిడ నవ్వలేదు. "నీకు నీళ్లంటే భయమని చెప్పిందమ్మా."

ప్రయాణం మొత్తం మీద రాజయ్య గొంతు అప్పుడే పెద్దగా విన్నాను. "దీనికా బయ్యం? గాలివానకి ఊరు ఊరంతా బడిలో దూరిపోయినప్పుడు, నా పడవ రాలేదని ఒడ్డున నడుంలోతు నీళ్లలో నిలబడి లాంతరు ఊపినాది ఇది. ఆ దీపం సూసి గదా నాను బతికినాను. దీనికి నీళ్లంటే బయ్యమని సెప్పీసినావా పాపా?"

పోలమ్మ ఆ కుర్చీని పక్కకి తోసింది. "నువ్వు కూకో" అంది నాతో.

తర్వాత చెప్పులు విప్పేసింది. బొడ్డులోంచి చిన్న పొట్లం తీసింది. అందులో పసుపు, కుంకుమ. ఆ సందు దగ్గర వంగి, చెయ్యి చాచి, ఓడ తెల్ల గోడమీద పసుపు రాసి బొట్టు పెట్టింది. తాగే నీళ్ల సీసా మూత తీసి, సందులోంచి కిందికి కాసిని నీళ్లు వదిలింది. కళ్లు మూసుకుని ఏదో అంది. కాయ కొట్టే చెయ్యి మాత్రం ఖాళీగా ఆగిపోయింది, ఆ చేతిని చీరకి తుడుచుకుంది.

"ఇప్పుడు సెప్పు దానికి" అంది నావైపు చూడకుండా. "ఉన్నదున్నట్టు సెప్పు."

చెప్పాను. ఆడవాళ్లు పడవెక్కని ఊరి నుంచి వచ్చిందని, ఇదే మొదటి అడుగని, కాయ తెస్తానని నేనే మాటిచ్చి తేలేదని. ఆ అమ్మాయి చక్రాల కుర్చీని వెనక్కి పంపేసింది. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయే తలుపుకు ఒక పక్కగా జరిగి, పోలమ్మ ముందు కొంచెం వంగి దారిచ్చింది. "ముందే చెబితే వంటింట్లోంచి కొబ్బరికాయ తెప్పించేదాన్ని కదా. ఇప్పుడు సమయం లేదు" అంది నాతో. ఒక్క ముక్క నిజం చెబితే అయిపోయే పని అది. నేను పడ్డ సిగ్గంతా అక్కర్లేని సిగ్గు. పడాల్సిన సిగ్గు అప్పుడు మొదలైంది.

పోలమ్మ రాజయ్య చెయ్యి పట్టుకుని, వట్టి కాళ్లతో, కుడికాలు ముందుపెట్టి ఓడెక్కింది. రాజయ్య కళ్లు తుడుచుకున్నాడు. సత్యవతిగారు ఆమె చెప్పులు తీసి పట్టుకుని వెనకే వెళ్లింది. అదీ నేను చూడాల్సి వచ్చింది.

ఓడలో ఉన్నన్నాళ్లూ పోలమ్మ పొద్దున్నే పై డెక్కు మీద రెయిలింగు పట్టుకుని నిలబడేది. భోజనాల దగ్గర సత్యవతిగారి పక్కనే కూర్చుని, ఏ చేప తినాలో చూపించేది. నాతో కూడా మాట్లాడేది. ఏ ఊరొస్తాది, ఎంతసేపుంటాది, అంతే. ఒకటే తేడా. ఎక్కడా "పాపా" అనలేదు. "మేడంగారూ" అంది.

రోములో పోస్ట్-స్టే. ఆఖరిరోజు ఒక ఫౌంటెన్ దగ్గర కొబ్బరిముక్కలు అమ్ముతున్నారు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. అమ్మేవాడిని బతిమాలి, పగలగొట్టని కాయ ఒకటి కొన్నాను. హోటల్‌కి పరుగెత్తి, సామాను సర్దుకుంటున్న పోలమ్మ చేతిలో పెట్టాను.

"పిన్నీ, క్షమించు. కాయ తెచ్చాను."

ఆమె దాన్ని చెవి దగ్గర ఆడించి చూసింది. నీళ్లున్న కాయే. తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"ఇప్పుడెందుకు మేడంగారూ? ఓడ దిగీసినాం గదా."

ఆ కాయను ఏం చెయ్యాలో తెలియక హోటల్ గదిలోనే వదిలేసి వచ్చాను.

ఈ పనిలో ఇన్నేళ్లకు నేర్చుకున్నది చెప్పమంటే, వీసాలూ టైములూ కాదు, ఇదొక్కటే చెబుతాను. కస్టమరు అడిగింది చిన్నదో పెద్దదో తేల్చడానికి మనమెవరం? తెలియకపోతే తెలియదనాలి, కుదరకపోతే కుదరదనాలి. ఇప్పుడు నేను అలాగే అంటాను. "చూసుకుంటానండి" అన్న మాట నా ఆఫీసులో వినపడదు. దానివల్ల కొందరు కస్టమర్లు పోయారు కూడా.

పోలమ్మ మాత్రం నా మీద చాడీలు చెప్పలేదు. అదింకా కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత కూడా వాళ్ల ఊరివాళ్లను నా దగ్గరికే పంపించింది. గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లేవాళ్లు, కాశీ వెళ్లే ముసలివాళ్లు, అందరూ నా దగ్గరికే వచ్చేవారు. ఏం చెప్పినా నమ్మేవాళ్లే. కాకపోతే ఆ ఊరినుంచి వచ్చిన ప్రతి మనిషికీ ఒక అలవాటు కనిపించేది. రైలు టైము చెబితే తలూపి, కాసేపాగి మళ్లీ అడిగేవారు. సీటు ఖాయమైందంటే సరేనని, గుమ్మం దాకా వెళ్లి మళ్లీ అడిగేవారు. ఒకసారి ఒక ముసలాయన మూడోసారి కూడా అడిగితే విసుక్కున్నాను. "చెప్పాను కదా తాతా, ఎన్నిసార్లు అడుగుతావు?"

ఆయన తప్పు చేసినవాడిలా నొచ్చుకున్నాడు.

"ఏటీ అనుకోకమ్మా. పోలమ్మ సెప్పి పంపినాది. ఆ మేడమ్ పని మంచిది, మాట మాత్రం రెండుసార్లు అడిగి సూసుకోండి అని."