వెనక గోడ మీది గడియారం

వీధి ఆడవాళ్ల సంఘాన్ని దర్జీ అక్క తన కుట్టుమిషన్ పక్కనే నలుగురితో మొదలుపెట్టింది. నోట్లో నాలుక లేని తోడికోడల్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి మరీ సభ నడపడం నేర్పింది.

“భయమేస్తే ఎవరి మొహమూ చూడకే. వెనక గోడ మీది గడియారం చూస్తూ మాట్లాడు,” అనేది.

ఈసారి సభలో తోడికోడలు తనంతట తనే లేచింది. దర్జీ అక్క మురిసిపోయి చప్పట్లు కొట్టింది.

“అక్క పెత్తనం ఇక చాలు. అధ్యక్షురాలిగా వేరేవాళ్లు కావాలి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి,” అంది తోడికోడలు.

చేతులన్నీ ఒకేసారి లేచాయి. అంటే, అందరూ ముందే కూడబలుక్కున్నారన్నమాట!

“నా మొహం చూసి చెప్పవే ఆ మాట!” దర్జీ అక్క అరిచింది.

“కూర్చో అక్కా. సభలో అరవకూడదని నువ్వేగా నేర్పావు.”

తోడికోడలి గొంతు వణకలేదు, చూపు గడియారం మీంచి కదల్లేదు.