ఫోనులో అన్న ఆయ్

అమలాపురంలో నేను ఫిజిక్స్ చెప్పిన కాలేజీలో, పక్క టేబుల్ మాస్టారంటే నాకు ఏళ్ళ తరబడి కుళ్ళు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. ధ్రువాల దగ్గర తప్ప మన ఆకాశంలో కనపడని ధ్రువకాంతులని ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోలు అక్కడ దొరికేవి. ఇద్దరం ప్రింట్లు తీయించి స్టాఫ్ రూములో వరసగా పరిచేవాళ్ళం. ధ్రువం చుట్టూ చుట్టకుదురులా వెలుగు. కాసేపు నిమ్మళంగా ఉండి, ఉన్నట్టుండి ఒకచోట భగ్గుమని పాకుతుంది. ఎక్కడ మొదలవుతుందన్నదే మా తగువు. లోపల, ధ్రువం వైపునుంచని మాస్టారు. కాదు, అర్ధరాత్రి ఉన్న వైపు, బయటి అంచున అంటుకుని ఆ తర్వాతే ధ్రువంవైపు ఎగబాకుతుందని నేను. ఫొటోలు మళ్ళీ పేర్చి చూపించాను.

"ఆయ్, మీరన్నదే నిజమండి మేడంగారూ," అన్నారు.

ఆ సంగతి మాస్టారే ఇద్దరి పేరునా బెంగళూరులో ఒక సైంటిస్టుకి రాశారు. వాళ్ళకది పాత విషయమే. కానీ ఎవరూ చెప్పకుండా పట్టుకున్నామని ఆ పెద్దాయన ముచ్చటపడి కాలేజీకి ఫోన్ చేశారు. ఏడాదిపాటు తమ దగ్గరుండి కొత్త ఫొటోలు చూసే అవకాశం ఒక్కరికే ఉందట. ఇది ముందు గమనించిందెవరని, ఫోను తీసిన మాస్టారిని ఇంగ్లీషులో అడిగారు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మా మాస్టారికి లేచి నిలబడి, అవునండీ అన్నట్టు "ఆయ్... ఆయ్..." అనడం అలవాటు. అలాగే అన్నారు. తెలుగు రాని ఆయనకది ఇంగ్లీషు 'ఐ'లా వినపడింది. నేను, నేను అని.

ఆర్డరు మాస్టారి పేరున వచ్చింది.

"మర్యాదకి ఆయ్ అన్నానండి, అంతేనండి," అన్నారు నాతో. నమ్మాను. మరి ఆర్డరు చూశాకైనా బెంగళూరుకి ఫోన్ చేసి నిజం చెప్పొచ్చుగా? చెప్పలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళారు. ఆయన క్లాసులు కూడా నా నెత్తినే పడ్డాయి. బోర్డు మీద సున్నా చుట్టినప్పుడల్లా, ఈపాటికి ఆయన అక్కడ ఏ వెలుగు చూస్తున్నారో అనుకుంటూ సుద్దముక్క విరిగేదాకా నొక్కేదాన్ని.

ఏడాది తిరిగాక వచ్చి, కాలేజీ కంప్యూటర్లో ఆ ఫొటోలన్నీ బొమ్మలు కదిలినట్టు నడిపించి చూపించారు. చుట్టకుదురు బయటి అంచున నిప్పు రాజుకుంది, పైకి ఎగబాకింది. అచ్చం నేనన్నట్టే. కళ్ళు తిప్పుకోలేకపోయాను.

"ఇంకా కోపమేనాండి మేడంగారూ?" అన్నారు మెల్లగా.

"ఆయ్," అన్నాను.

ఈసారి విన్న మాస్టారికి ఆ మాట సరిగ్గానే అర్థమైంది.