ఉరవకొండ కళ్లంలో ఓడ ముక్కు

కంప్యూటర్‌కు దిద్దని కొలతలు ఎక్కించి, ఓడ రేకు అతకకపోతే తప్పు నాదని నా సర్వీస్ రిజిస్టర్‌లో రాశారు.

అది 1984. తూర్పు తీరంలో యుద్ధనౌకలు కట్టే ఒక యార్డులో, ‘మౌల్డ్ లాఫ్ట్’లో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. లాఫ్ట్ అంటే పెద్ద హాలు. నల్లరంగు వేసిన చెక్కనేల మీద ఓడను అసలు సైజులో గీస్తాం. డిజైనర్ కాగితంలో ఇచ్చిన కొలతలకు మేకులు కొట్టి, ‘బాటెన్’ అనే సన్నటి చెక్కబద్దను వాటి వెంట వంచుతాం. ఏదైనా మేకుకు బద్ద అంటకుండా నిలిచిందంటే ఆ కొలత తప్పు. మేకు జరిపి, సరైన గీతను నేల మీదే గీరి పెడతాం. దాన్ని చూసే రేకులకు అచ్చులు కోస్తాం. కాగితం దిద్దే అలవాటు మాకు లేదు. అయిదో తరగతితో బడి మానేసిన నేను ఈ విద్యంతా చూసి నేర్చుకున్నాను.

కంప్యూటర్ వచ్చింది. కాగితంలోని కొలతలన్నీ దానికి ఎక్కించి, ఇక నేలతో పనిలేదని ఆ గీతల మీద రంగు కొట్టేశారు. అలా కట్టిన మొదటి ఓడ ముక్కు దగ్గరే రేకు కలవలేదు. బొటనవేలు దూరేంత సందు.

“మీ లాఫ్ట్ కాగితాలే కదండీ ఎక్కించాం?” అన్నాడు కంప్యూటర్ ఇంజనీరు.

“దిద్దిన కొలతలు నేల మీద ఉండాయి సార్. మీరే కదా రంగు కొట్టించినారు!”

“నేల మీద గీసింది రికార్డు కాదండీ.”

సందును వెల్డింగుతో ఎలాగో పూడ్చారు. రిమార్కు మాత్రం నాకు మిగిలింది. ఉద్యోగం వదిలి మా ఊరు ఉరవకొండకు వచ్చేశాను. తప్పు నాది కాదని నెలనెలా యార్డుకు ఉత్తరాలు రాసేవాణ్ణి. బండ్లు బాగుచేసే మా పక్కింటి మస్తాన్ ఊరుకునేవాడు కాదు.

“ఏమన్నా, తాగేకి నీళ్లు లేని ఊర్లో కూచోని ఓడకు జాబులు రాస్తాండావే!”

రెండేళ్లకు ఆ ఇంజనీరే కొలతల కాగితాలు చుట్టి పట్టుకుని బస్సు దిగాడు. రెండో ఓడకూ అదే చోట అదే సందు. ఈసారి నేను యార్డులోనే లేను!

ఆ ఏడు వాన లేక వేరుశనగ కళ్లం ఖాళీగా ఉంది. అతను కొలతలు చదివాడు, నేను మేకులు కొట్టాను, మస్తాన్ వెదురుబద్ద చీల్చి తెచ్చాడు. వంచితే అయిదో మేకు దగ్గర బద్ద అంటలేదు. ఇంజనీరు గొంతుక్కూర్చుని ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాడు.

“అయ్యో, ఇదే సందండీ!”

“ఏం సామీ, నీ మిషను బద్ద వంచి చూడలేదా?” అన్నాడు మస్తాన్.

“మనం ఇచ్చిందే అది కోస్తుందండీ.”

నా తల తిరగడం అక్కడే మొదలైంది. ఇచ్చిందే కోస్తే యంత్రానిది తప్పు కాదు. ఇచ్చినవాడు కాగితం చూసే ఇచ్చాడు. కాగితంలోని కొలతలు దిద్దడానికే నన్ను పెట్టుకున్నారు, నేను నేల మీద దిద్దాను. మరి తప్పెవరిది? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేర్చుకున్నది ఒక్కటే: చేత్తో దిద్దినదాన్ని కాగితం మీద కూడా రాయాలి. పదిహేడేళ్లలో నన్ను ఆ పని ఎవరూ చేయమనలేదు.

మేకు జరిపి తీసిన కొత్త కొలతతో పాటు, రిమార్కు కొట్టేయమని ఒక అర్జీ కూడా ఇంజనీరు చేతికిచ్చి పంపాను. ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది:

“మీరు పంపిన కొలతను కంప్యూటర్‌లో చేర్చడమైనది. రేకు సరిగా అతికినది. అందుకు కృతజ్ఞతలు. అయితే పాత కొలతలు రికార్డు ప్రకారం సరైనవే కావున, మీపై రాసిన రిమార్కును తొలగించుటకు వీలుపడదు.”