నాయన తెలుగులో ఆడించిన బాస్కెట్‌బాల్

మా చిన్నప్పుడు... తమిళనాడు కృష్ణగిరిలో సాయంత్రం బడి నుంచి రాగానే చెంబుడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, మా నాయన వెంట కాలేజీ గ్రౌండుకు పరిగెత్తేదాన్ని. నాయన అక్కడ బాస్కెట్‌బాల్ కోచ్. సిమెంటు కోర్టు, పగుళ్ళలో గడ్డి... ఒక రింగుకు వల ఉండేది, రెండోదానికి ఉండేది కాదు. నేను మెట్ల మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటుంటే ఆయన గొంతు రోడ్డు దాకా వినిపించేది.

ఆ అరుపులన్నీ తెలుగులోనే. అదే ఆయన కిటుకు.

జట్టులో హోసూరు పిల్లలు, కుందారపల్లి పిల్లలు, అంచెట్టి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఇద్దరు... వీళ్ళందరికీ తెలుగు వచ్చు. సామల్పట్టి నుంచి వచ్చే పొడుగబ్బాయి ఒక్కడిదే తమిళం మాట్లాడే ఇల్లు. వాడికి నాయన నాలుగే మాటలు నేర్పించాడు. "సందు" అంటే ఇద్దరి మధ్యలోంచి దూరిపో. "కొస" అంటే కోర్టు మూలకు పరిగెత్తు. "ఎనక్కి" అంటే చూడకుండా బంతి వెనక్కి ఇచ్చెయ్. "ఈడ" అంటే రింగు కింద ఉన్నవాడికి వెయ్. ఇంగ్లీషులో అరిస్తే అవతలివాళ్ళకు తెలిసిపోతుంది, తమిళంలో అయితే మరీ తెలిసిపోతుంది. సేలం వాళ్ళూ ధర్మపురి వాళ్ళూ తెల్లమొహం వేసుకుని చూస్తుండగానే మావాళ్ళు బాస్కెట్ వేసేసేవాళ్ళు.

ఇంత చేసినా నాయన ఉద్యోగం టెంపరరీనే. ప్రతి జూన్‌లో కొత్త ఆర్డరు కోసం కరెస్పాండెంట్ గది బయట, అడ్మిషన్‌కు వచ్చిన పిల్లల పక్కనే ఆయనా నిలబడేవాడు. అమ్మకు ఒళ్ళు మండేది. "ఎన్నేండ్లు ఇట్ల వాళ్ళ వాకిట్లో నిలబడల్ల?" అనేది. నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఒక ఏడు కరెస్పాండెంటే పిలిచి చెప్పారు... ఈసారి కాలేజీల పోటీలో కప్పు తెస్తే వచ్చే జూన్ నుంచి పర్మనెంట్ చేస్తామని. ఫైనల్ దాకా వచ్చాం. ఫైనల్ మా కోర్టులోనే. అవతల కోయంబత్తూరు వైపు నుంచి వచ్చిన జట్టు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

ఆట మొదలయ్యే ముందు ఆ జట్టు అబ్బాయి ఒకడు, ఏడో నంబరు బనీను వేసుకున్నవాడు, నా దగ్గరకు వచ్చి "పాపా, తాగేకి నీళ్ళు యాడ ఉండాయి?" అని అడిగాడు. "ఆడ, సైకిల్ స్టాండు పక్కన" అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. నేను బొరుగులు తింటూ కూర్చున్నాను.

ఒక్కటంటే ఒక్క ఆలోచన రాలేదు నాకు. తమిళంలో అడిగితే తమిళంలో చెప్పేదాన్ని, కన్నడంలో అడిగితే కన్నడంలో. మా ఊళ్ళో ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు చెప్పడం అలవాటు... ఏ భాషలో అడిగారన్నది ఎవరు గమనిస్తారు?

ఆట మొదలైంది. నాయన "ఎనక్కి" అన్నాడు. బంతి వెనక్కి వచ్చేలోపే ఏడో నంబరు అక్కడ ఉన్నాడు. "కొస" అంటే కొసలో ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఏం జరుగుతోందో అర్థంకాక నాయన ఇంకా గట్టిగా అరిచాడు. అరిచినకొద్దీ మా బంతి వాళ్ళ చేతుల్లో పడింది. చివరికి ఆ ఏడో నంబరే బెంచీ ముందు నుంచి పోతూ, మర్యాదగానే, "సార్, మా ఇంట్లోనూ తెలుగే సార్" అన్నాడు.

కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో నాకు పెద్దయ్యాక తెలిసింది. ఊళ్ళు తిరిగిన మనిషి... నాయనకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఆయన గబుక్కున కన్నడానికి మారాడు. మావాళ్ళకు కన్నడం వచ్చు గానీ ఆ మాటలతో ఆడడం రాదు. సామల్పట్టి అబ్బాయి ఎటు పోవాలో తెలియక కోర్టు మధ్యలో ఆగిపోయి మా నాయన వైపు చూశాడు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. చేతికందింది నోటికందలేదు.

"వచ్చే ఏడు చూద్దాం" అన్నారు కరెస్పాండెంట్. ఆ వచ్చే ఏడు రానే లేదు. రెండువేల సంవత్సరం దాటాక ఆ కోర్టులో కాలేజీ బస్సులు నిలబెట్టారు. నాయన చేత పరీక్ష హాల్లో కాపలా కాయించారు, హాస్టల్ మెస్సు చూడమన్నారు. తర్వాత హోసూరులో ఇంకో కాలేజీ... అక్కడా టెంపరరీనే. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు తెచ్చుకుని స్వీట్ బాక్సులతో ఇంటికి వచ్చేవాళ్ళు. అమ్మ ఆ డబ్బాలు తెరిచేది కాదు.

నేను మాత్రం ఆ మంచినీళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే నాయన ఆ నాలుగు పిలుపులూ మార్చుకునేవాడు కదా... ఇన్నేళ్ళూ లోపలే కుమిలి, పోయినేడు ఉండబట్టలేక చెప్పేశాను.

నాయన బొప్పాయి కోస్తున్నాడు. కత్తి ఆపలేదు.

"నాతోనూ మాట్లాడినాడమ్మా ఆ పిల్లోడు, ఆటకు ముందే. యా ఊరప్పా మీది అని అడిగినాను. మన బాస మాట్లాడేవోడు అంత దూరం నుంచి వచ్చినాడే అని సంతోషపడినాను. అదొకటే తోచింది నాకు."

ఏడవాలో అరవాలో తెలియలేదు. అరిచాను. "సంతోషపడేదేంది నాయనా, ఉద్యోగం పోతావుంటే?" ఆయన ఒక ముక్క నా చేతిలో పెట్టి తినమన్నాడు.

ఇప్పుడు హోసూరులో ఫ్యాక్టరీల పుణ్యమా అని ఏ బస్సు ఎక్కినా తెలుగే... కడప వాళ్ళు, వరంగల్ వాళ్ళు. ఎవరూ ఎవరినీ పలకరించరు, ఫోన్లు చూసుకుంటూ దిగిపోతారు. నాయన మాత్రం పక్క సీటువాణ్ణి "యా ఊరప్పా మీది?" అని ఇంకా అడుగుతూనే ఉంటాడు. నాకు మండుతుంది... అయినా ఆపమని అనలేను.

మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు ఇట్లాంటివాళ్ళు, జీవితం చేజారిపోయే పూట కూడా ఎవరినో చూసి సంతోషపడినవాళ్ళు... వాళ్ళ గురించి రాయండి. తిట్టుకుంటూనైనా రాయండి.