వడ్ల మీదుగా పోని కారు

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పలేదు. పెద్దమందడి నుంచి వనపర్తి దవాఖానకు బస్సులో పోయిరావడం ఆమె వల్ల కాక, బావ గద్వాలలో ఒక పాత కారు కొన్నాడు. బేరానికి నేను నాగర్‌కర్నూల్ నుంచి వెళ్లాను. నా చదువు పదితోనే ఆగింది కానీ, లెక్కలున్న కాగితం ఏదైనా చివరిదాకా చదవకుండా వదలను. ఆర్సీలో పేరు మారితే ఇన్సూరెన్సు మొత్తం దానంతటదే మారుతుందని అమ్మినాయన అన్నాడు. మన కారుకు తగిలే దెబ్బలకిచ్చే భాగం అట్లా మారదు. దాన్ని కూడా బావ పేరు మీద రాయించిందాకా నాకు నిద్ర పట్టలేదు.

యాసంగి కోతలప్పుడు ఒక పొద్దున వాళ్లిద్దరూ దవాఖానకు పోతున్నారు. రోడ్డుకు కుడివైపు సగం మేర ఎవరో వడ్లు ఆరబోశారు. వాటిని తప్పించుకుంటూ ఎదురుగా బస్సొకటి బావ వైపుకు వచ్చింది. కుడికి తిప్పితే వడ్లు, ఎడమకు దిగితే కల్వర్టు గోడ. బావ ఎడమకు దిగాడు. అక్కకు ఏమీ కాలేదు. కారు ముందు భాగం మాత్రం నుజ్జయింది. ట్రాక్టరుతో దాన్ని వనపర్తి షెడ్డుకు లాగించారు.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి బావ కారు అమ్మేసే మాటలో ఉన్నాడు.

"ఇన్సూరెన్సు ఉంది గదా బావా?" అన్నాను.

"గుద్దింది నేనే గదా బామ్మర్దీ. తప్పు మనదైతే వాళ్లెందుకిస్తరు?"

"మనది ఎదుటోళ్ల నష్టానికిచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే కాదు, ఫుల్లు. మన చేతుల తప్పైనా ఇస్తరు. తాగి నడిపితేనో, లైసెన్సు లేకుంటేనో మాత్రం ఇయ్యరు."

"మల్ల అందరు బర్రె అడ్డమొచ్చిందని రాయమంటున్నరెందుకు?"

"ఏ బర్రె? జరిగింది జరిగినట్లు చెప్పు. అబద్ధం బయటపడితేనే వచ్చేది రాకుంట పోతది."

బావ తల గోక్కున్నాడు గాని ఒప్పుకోలేదు. నేను కాగితాలు ముందేసుకుని మళ్లీ మొదటినుంచి చెప్పబోయాను. మంచంలో పడుకున్న అక్క అడ్డుకుంది.

"ఆయనకు తెల్వక కాదు తమ్మీ. జరిగింది చెప్తే వడ్లాయన మీద కేసైతదని భయం. కౌలుకు చేస్తుండంట ఆయన."

అప్పుడర్థమైంది. నేను అంతసేపూ తప్పుడు ప్రశ్నకు జవాబు చెబుతున్నాను.

"వడ్ల మీదికెల్లి బండెట్ల పోనిస్త?" అన్నాడు బావ, మా ఇద్దరినీ చూడకుండా. "తినే గింజలాయె."

"నన్ను గోడకు గుద్దినా సరేగని వడ్లు మాత్రం నలగొద్దు" అంది అక్క. నవ్వుతూనే అంది. నవ్వితే ఆమెకు ఆయాసం వస్తుంది. బావ లేచి వెళ్లి ఆమె వెనక దిండు సర్దాడు. కారు లేక దవాఖానకు ఆటోలో పోతే, కుదుపులకు ఆమె ఎట్లా అయిపోతుందో ముందురోజే చూశాడు. ఆ రాత్రి, "సరే, కంపెనీవాళ్లను పిలువు" అన్నాడు. బాగుచేయించక ముందే కంపెనీకి చెప్పాలి కాబట్టి పొద్దున్నే ఫోన్ చేశాను.

దెబ్బ చూసి లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయరు షెడ్డుకు వచ్చాడు. ఫోటోలు తీసుకుని, రోడ్డెందుకు దిగారని అడిగాడు.

"ఎదురుంగ బస్సొచ్చింది. గా పక్క వడ్లున్నయి" అన్నాడు బావ. వెంటనే, "ఎవరివని మాత్రం అడగకుండ్రి సారూ. కారు పోయినా చెప్ప" అన్నాడు.

"వడ్లెవరివైతే నాకేంది పెద్దాయనా? మీరెందుకు దిగిన్రో చెప్పిన్రు, చాలు" అంటూ సర్వేయరు రాసుకున్నాడు. నేను తొంగిచూశాను. రోడ్డుపై అడ్డంకి, ఎదురుగా వాహనం అని ఉంది. బావకు చదివి వినిపించాను. బిగుసుకున్న ఆయన భుజాలు అప్పుడు వదులయ్యాయి.

ఫుల్లు అన్నంత మాత్రాన మొత్తం రాదు. ప్లాస్టిక్ సామానుకైతే సగం కోసి ఇస్తారు. ఆ కోత ఎంతో నేను ముందే చెప్పినా బావ పట్టించుకోలేదు. ఆయనకు కావలసింది వేరే.

కారు తిరిగొచ్చాక మొదటిసారి దవాఖానకు నేనూ వెళ్లాను. డయాలసిస్ అయ్యాక అక్క ఎప్పుడూ వాడిపోయి ఉంటుంది. ముందు సీటును వెనక్కి వాల్చి పడుకోబెట్టాం. ఊరు దాటేలోపే నిద్రపోయింది. మా ముందు గొర్రెల మంద ఒకటి రోడ్డంతా నిండి నడుస్తోంది. హారన్ కొట్టమన్నాను.

"లేస్తది" అన్నాడు బావ మెల్లగా. మంద తనంతట తాను పొలంలోకి దిగేదాకా దాని వెనకే నడిపాడు.