పిల్ల గుడ్డలు ఉతికిన మనిషి

మూడు రోజులుగా ముసురు వదల్లేదు. ఆ రోజు మా కింది మడి ఉడుపు. పదకొండు మంది ఆడవాళ్లం వంగి నాటుతున్నాం. పొద్దు నడినెత్తికి రాకముందే మా ఇంటాయన గట్టు మీదకి వచ్చి నిలబడ్డాడు. గొడుగు లేదు. "అప్ప పోనాది," అన్నాడు. నా చేతిలో సగం కట్ట నారు ఉంది. అది నాటేసి గట్టెక్కాను.

పోయింది మా వదిన, మా ఇంటాయనకి అక్క. పెళ్లయిన నాలుగో ఏడు భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. పచ్చకామెర్లు ఆవిడని తొమ్మిది రోజుల్లో తీసుకుపోయాయి. ఆ ఉదయం కూడా, "నువ్వు మడికి పో. నా రోగం ఆగుతాది గాని ఉడుపు ఆగదు," అంది. మనిషి పక్కన కూర్చోవలసిన రోజున నేను మడిలో ఉన్నాను.

ఆవిడ గురించి రాయాలంటే మా పిల్ల కడుపు గురించి రాయాలి.

పిల్ల పుట్టిన ఏడూ, ఆ మరుసటి ఏడూ వానలు ఎగ్గొట్టాయి. గాదెలో గింజ లేదు. రేషను డిపోలో అమెరికా గోధుమలు ఇచ్చేవారు. మేము గోధుమ వండడం ఎరగం. నూక విసిరి జావ కాచుకున్నాం. ఎనిమిదో నెలలో పిల్లకి ఆ జావే అలవాటు చేశాను. రెండు నెలలు తిరిగేసరికి కడుపు కుండలా ఉబ్బింది. కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి. రోజుకి ఏడెనిమిది విరేచనాలు, పాలిపోయి, జిడ్డుగా. కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయేది. కాంపౌండరు వచ్చి చూసి, అన్నం అరగదు, బార్లీ నీళ్లు పట్టండి, రొట్టె పాలలో నానబెట్టి పెట్టండి అన్నాడు. జబ్బు మనిషికి మా వైపు ఎవరైనా పెట్టేది అదే. మేమూ పెట్టాం. ఆమదాలవలస నుంచి రొట్టె తెప్పించి మరీ పెట్టాం. పిల్ల ఇంకా దిగజారింది. పక్షిదోషం అన్నారు, తాయెత్తు కట్టించాం. నా పాలు మంచివి కావన్నారు, మాన్పించాం.

పిల్ల గుడ్డలు ఉతికేది వదిన. నాకు ఆ వాసనకి వాంతి వచ్చేది. ఆవిడ ఏమీ అనకుండా తెల్లారేసరికి గుడ్డలు మూటగట్టి కాలవకి పట్టుకెళ్లేది. ఉతికే ముందు ఒక్కొక్కటీ విప్పి చూసేది. ఒకసారి డిపోకి ఇరవై రోజులు సరుకు రాలేదు. అటక మీద మిగిలిన రాగులు, మా వైపు చోళ్లంటాం, దింపి అంబలి కాచుకున్నాం. పిల్లా అదే తాగింది. డిపో మళ్లీ తెరిచిన వారానికి వదిన కాలవ నుంచి వచ్చి, తడి మూట పక్కన పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఒసే, ఇంట్లోన గోదుమ లేనప్పుడు గుడ్డ గట్టిగున్నాది. గోదుమొచ్చినాది, మళ్లీ నీళ్లే. ఈ గుంటని సంపుతన్నాది ఆ గోదుమేనే."

"కాంపౌండరు రొట్టె పెట్టమన్నాడు కదా వదినా?"

"ఆడు గుడ్డలుతికినాడేటి? నాలిక అబద్దమాడతాది గాని గుడ్డ ఆడదు."

నేను నమ్మలేదు. మా ఇంటాయన సగం నమ్మాడు. ఆవిడే పిల్లని భుజానేసుకుని బయలుదేరదీసింది. కోటబొమ్మాళిలో రైలెక్కి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లాం. అయిదో రోజున అక్కడి డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఇలాంటి జబ్బు ఉంది. గోధుమ, బార్లీ తగిలితే పేగు లోపల పుండు పడుతుంది. పుండు మానేదాకా పాలు కూడా పడవు. గోధుమ మాత్రం ఈ జన్మకి పెట్టకూడదు. జబ్బు పేరు ఇంగ్లీషులో కాగితం మీద రాసిచ్చాడు.

"గోధుమ వల్లేనని మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాడు.

"ఎవులు సెప్తారు బాబూ? గుడ్డలుతికినాను," అంది వదిన.

డాక్టరు నవ్వలేదు. ఆ మాట కూడా రాసుకున్నాడు.

ఊళ్లో మాత్రం నవ్వారు. "దొరల తిండి తిన్నాది, దొరల జబ్బొచ్చినాది," అన్నారు. ఆ రోజు నుంచి పిల్ల తిండి వదిన చేతిలోకి వెళ్లింది. పాత బియ్యం గంజి, చోడి జావ, అరటికాయ ఉడకబెట్టిన ముద్ద. ఏడాది పాటు ఇంతే. కందికట్టు పోస్తే కక్కేది. గుడ్డు పెడితే ఒంటినిండా దద్దుర్లు. కొత్తది ఏదైనా పెడితే ఎనిమిది రోజులు గుడ్డలు చూశాకే రెండో కొత్తది పెట్టేది. మా తిరగలి అరువివ్వడం మానేసింది, అందులో పొరుగువాళ్లు గోధుమ విసురుతారని. పిల్ల ఎవరింట్లోనైనా బన్ను ముక్క నోట్లో పెట్టుకుంటే దవడ నొక్కి, వేలు పెట్టి లాగేసేది. పిల్ల కరిచేది. వేలు మీద ఎప్పుడూ పుండే. "గుంట నోటికాడి కూడు లాగీసే ముండమోపి" అని ఆవిడ వినేలాగే అనేవారు. ఆవిడ పిల్లని చంకనేసుకుని వచ్చేసేది. "ఏడవనీ. ఏడిసే గుంట బతికున్నట్టే," అనేది.

పిల్ల నడిస్తే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని నేను మొక్కుకున్నాను. రెండేళ్లు నిండాక నడిచింది. వ్రతం ముందు రోజు వదిన అడిగింది, "ప్రసాదం బియ్యం నూకతో సెయ్యకూడదేటే?"

మా అత్త అందుకుంది. "సామికి గోదుమ నూకే. నువ్వు మార్సుతావేటి?"

"పిల్లకి పెట్టంలే వదినా," అన్నాను నేను. ఆవిడకి మాటిచ్చాను.

మర్నాడు పీటల మీద కూర్చుని కథ విన్నాను. ప్రసాదం తినకుండా వెళ్లిన ఆడదాని మొగుడు పడవతో సహా మునిగిపోయిన చోటికి వచ్చేసరికి పిల్లని ఒళ్లోకి లాక్కున్నాను. కథ అయ్యాక అందరూ తీర్థానికి లేచినప్పుడు పిల్లని వంటింట్లోకి తీసుకెళ్లి దోసెడు ప్రసాదం పెట్టాను. ఎవరూ చూడలేదు. పిల్ల ఇష్టంగా తింది.

తర్వాత అందరి ముందూ మా అత్త పిల్ల నోట్లో చిటికెడు ప్రసాదం పెట్టింది. పూజ జరిగే చోటికి రాకూడదని వీధి అరుగు మీదే కూర్చున్న వదిన అది చూసింది. గడప దాటి పీటల దాకా వచ్చి, వేలు పెట్టి ఆ చిటికెడూ లాగేసింది. కలశం ముందు విధవ.

మూడో రోజుకి పిల్ల పడిపోయింది. నెల రోజులు నీళ్లయిపోయింది. కళ్లు లోపలికి పోయాయి. ప్రసాదం ఒక్క పలుకు కూడా గొంతు దిగనివ్వలేదు, అందుకే స్వామికి కోపం వచ్చిందన్నారు అందరూ. మా అత్త ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడడం మానేసింది. కావలసింది కూడా నాతో చెప్పించేది.

గుడ్డలు ఉతికిన మనిషికి తెలియకుండా ఉంటుందా? కాలవ దగ్గర నన్ను అడిగింది.

"ఎంత పెట్టావే?"

"దోసెడు, వదినా."

చాలాసేపు గుడ్డ జాడించింది. "అమ్మకి సెప్పకు. నాకు పడ్డ మాట నాకే ఉండనీ. నువ్వీ ఇంట్లోన ఇంకా శానాళ్లు బతకాల."

నేను చెప్పలేదు. ఆవిడ అడ్డు చెప్పిందని నన్ను నేను సమాధానపెట్టుకున్నాను. పిల్ల తేరుకుంది. ఇప్పుడు నాలుగు దాటాయి, పాలు పడుతున్నాయి. మా అత్తా వదినా తల్లీ కూతుళ్లై కూడా ఒకే చూరు కింద రెండేళ్లు మాటల్లేకుండా తిరిగారు.

వదిన పోయిన పన్నెండో రోజు భోజనాలయ్యాక చుట్టాలందరి మధ్య మా అత్త నాతో అంది, "ఆ వ్రతం దోసం అలాగే ఉండిపోనాది. మైల తీరినాక మళ్లీ సేయించు. నూక తెప్పించినాను. ఈసారి లాగీడానికి ఎవులూ నేరు. గుంటకి కడుపునిండా పెట్టు."

పిల్ల నా పక్కనే కూర్చుని చోడి ముద్ద తింటోంది. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

"అత్తా, ఆ రోజు వదిన కంటే ముందే నేను పెట్టాను. వంటింట్లో దోసెడు పెట్టాను. అదే పిల్లని పడేసింది," అన్నాను.

మా అత్త జరిగి నాకు ఎదురుగా కూర్చుంది.

"దానికి తెలుసా?"

"వదినకి తెలుసు."

"సచ్చే ముందు అమ్మా అన్నాది. నాను పలకనేదు," అంది.

లేచి లోపలికి వెళ్లి చీరలు మూటగట్టుకుంది. వ్రతానికి తెప్పించిన గోధుమ నూక సంచి చూరు నుంచి దింపి, "ఇది ఈ ఇంట్లోన ఉండకూడదు," అని అది కూడా పట్టుకుంది. మా ఇంటాయన బండి కట్టాడు. మా అత్త ఆ మధ్యాహ్నం మూడింటి పాసింజరుకి ఆమదాలవలస చిన్న కూతురింటికి వెళ్లిపోయింది. మిగిలిన చుట్టాలు మర్నాడు పొద్దున్న వెళ్లారు.